ఎర్తు గుంత

ఈ ఎండాకాలం నలభై ఒక్క మోటర్లు కాలినయి.
కల్వకుర్తి చుట్టుపక్కల ఏ ఊరి బోరు ఎండినా
మొదలు తెలిసేది మా మడిగెకే.
కాలిన కాయిలు ఆయన కోస్తడు,
నేను కొత్త తీగ చుడత.
పాత రాగి మూటగట్టి అమ్మంగ అమ్మంగ
మూడేండ్లకు జమైన పైసలు
మసి వాసన కొట్టుకుంట ఇనుప డబ్బల ఉన్నయి.

"ఐదు దిక్కులకెల్లి సప్పుడు రావాలె" అన్నడు కుర్మయ్య.
పెండ్లినాడు గూడ ఇంత ఆశగ ఏదీ అడగలే.

దుకాణంల పిలగాడు తౌఫీక్ మంచోడే,
మాటలే జర ఎక్కువ.
అద్దాల అర్రల కూసోబెట్టి వాన పెట్టిండు.
ముందట వాన, ఎనుక వాన,
కుడిచెవు పక్కన చూరు కారుతున్న వాన.
బయట రోడ్డు మీద డాంబరు కరుగుతుంది.
కుర్మయ్య నెత్తి తడుముకున్నడు.

ఇగ రిసీవర్లు.
నల్లదొకటి, మూతికి నీలం లైట్లు,
వెయ్యి వాట్లని పెద్ద పెద్ద అక్షరాలు.
నేను ఎనుకకు తిప్పి చదివిన.
కరెంటు గుంజేది తొంబై.
"తాగేది తొంబై, కక్కేది వెయ్యా బిడ్డా?
అసొంటి బర్రె యాడ దొరుకుతది,
ఉంటే చెప్పు, రెండు కొనుక్కపోత."
తౌఫీక్ నవ్వి లైట్లు ఆర్పిండు.

కింది అరల సోకు లేనిదొకటి, దుమ్ము పట్టింది.
రెండు చేతుల లేపితే నడుము గుంజింది.
లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువు,
సూడిమేక బరువు.
చెవి పెట్టి ఊపిన. ఏదీ గలగల అనలే.
"ఇదే" అన్న.

తీగల కాడనే అసలు లొల్లి.
అద్దం లెక్క తోలు, లోపల ఎర్రగ మెరుపు,
జాకెట్ పిన్నీసు తీసి గీకిన.
ఎరుపు కింద తెలుపు.
పూత రాగిది, పానం అల్యూమినమ్‌ది.
గీకకున్నా వంచితే తెలుస్తది:
రాగి వంగుతది, ఇది అలుగుతది.

టీవీ తీగకు బంగారు మూతి, రెండువేల నాలుగొందలు.
సాదాది మూడొందలు.
రెండిట్ల అదే బొమ్మ, అదే మాట.
బంగారం మూతికెందుకు, మెడకు గదా.
మిగిలిన పైసలు ఎనుక స్పీకర్ల తీగ మందంల పెట్టిన.
దూరం పోయేటోనికి సద్ది ఎక్కువ కట్టాలె.
ఎడమ ఎనుక మూలకు ఏడు బారలు,
తలుపు మీదికెల్లి, దేవుని పటాల మీదికెల్లి.

కుర్మయ్య ఒకదానికి ఎరుపు నలుపు తిప్పి కట్టిండు.
మాట నడుమ నిలవలే,
ఒక ఎద్దు ముందటికి, ఒక ఎద్దు ఎనుకకు
నడిచిన నాగలి లెక్క అర్రంత తిరిగింది.
నాకు తెలిసింది. చెప్పలే.
దొరకబట్టుకోనీ అని చాయ పెట్టిన.

రాత్రి పదింటికి అన్ని కుదిరినయి.
అన్ని కుదిరినా ఒక మూలుగు మిగిలింది.
సన్నగ, ఎడతెగక,
మట్టి పట్టిన మోటర్ తిరగలేక మూలిగినట్టు.
మా ఇద్దరికీ నిద్రల గూడ ఎరుకైన సప్పుడు.
"తీగ మారుద్దామా" అన్నడు.
"తీగ తప్పు గాదు. నేల తప్పు."

ఇంటెనుక ఎర్తు గుంత.
ఇల్లు కట్టిన్నాడు ఉప్పు, బొగ్గు ఏసి పూడ్చినం.
ఆ తర్వాత ఎవ్వలు దానికి నీళ్లు చూపిచ్చిండ్రు?
రేకు మూత తీస్తే పగుళ్లు.
మొదటి బకెట్ ఎటు పోయిందో తెల్వదు.
రెండోదానికి బుడగలొచ్చినయి.
పొద్దుగాల తానానికి పట్టిన నీళ్లు అవి.

"తగ్గింది!" లోపలికెల్లి కేక.
"ఇంకింత పొయ్యి... ఆ, పోయింది!"

ఏ బొమ్మా పెట్టలే ఇగ.
ఐదు డబ్బల నడుమ ఉత్తగ కూసున్నం,
ఇన్ని పైసలు పెట్టి తెచ్చుకున్నది
ఈ సప్పుడు లేకపోవుడే అన్నట్టు.

అప్పుడు ఎడమ ఎనుక మూలకెల్లి
గురగుర.
స్పీకర్‌ది గాదు.
గోడవతల బక్కన్నోల్ల బోరు గాలి గుంజుతుంది.
గంటసేపు గిట్లనే నడిస్తే
రేపు మా మడిగె ముందట నలభై రెండోది.
ఆయన నా దిక్కు చూసిండు.

"బందు పెట్టుండ్రో!" అని
ఇద్దరం ఒక్కసారే ఒర్రినం.